బ్రాకెట్

మైల్స్ సిటీలో ఫిబ్రవరి.
తెల్లవారుజామున నాలుగున్నరకి
డయాలసిస్ సెంటర్ తాళం తీయాల్సింది నేనే.
ఏడో వీధి మలుపులో ఆగితే చాలు
ట్రక్కు హెడ్‌లైట్లు
జోగుతున్న పిల్లాడి కళ్లలా వాలిపోతాయి.
కాలితో కాస్త నొక్కితే తెరుచుకుంటాయి,
తీస్తే మళ్లీ అంతే.
వైపర్ సగం అద్దం తుడిచి ఆలోచనలో పడుతుంది.

ఎనభై ఏడు మోడల్ ఫోర్డ్.
లోర్నా హాగెన్ దగ్గర తొమ్మిది వందలకి కొన్నాను.
తాళంచెవి చేతిలో పెడుతూ ఆమె అన్నది ఒకటే మాట:
"దీనికి ఆకలెక్కువ. బ్యాటరీలు తింటుంది."

శనివారం బానెట్ ఎత్తాను.
లోపలి వైపు అంటించిన కాగితం టేపు,
దాని మీద పెన్సిల్‌తో ఆర్విల్ హాగెన్ చేతిరాత:
ఆల్టర్నేటర్, తొంభై తొమ్మిది అక్టోబరు.
ఆల్టర్నేటర్, రెండువేల ఆరు.
ఆల్టర్నేటర్, పదకొండు.
చివరి దాని పక్కన ఒక బూతుమాట,
చెరిపేసి, మళ్లీ రాసి.

విడిభాగాల షాపు కుర్రాడు దాన్ని బల్ల మీద తిప్పి చూశాడు.
"దీనికేం రోగం లేదు" అన్నాడు.
తెచ్చి మళ్లీ బిగించాను.

మీటరుకి ఒక ఎర్ర ముల్లు, ఒక నల్ల ముల్లు.
ఇంజిన్ ఆగి ఉండగా బ్యాటరీ మీద పన్నెండున్నర.
నడుస్తుంటే పన్నెండు పాయింట్ మూడు.
పెరగాల్సింది తగ్గింది.
ఆల్టర్నేటర్ వీపు మీదే రెండు ముళ్లూ ఆనించాను,
పద్నాలుగు పాయింట్ రెండు!
వడ్డించేవాడు వడ్డించానంటాడు,
విస్తట్లో మెతుకు లేదు.
మధ్యలో ఎవరు?

రోజూ నా పని అదే కదా.
గొట్టం ఈ చివర ఒత్తిడి ఎంత, ఆ చివర ఎంత,
తేడా ఉన్నచోట అడ్డం.
మనిషినీ అనం, మిషన్నీ అనం,
చిటికెన వేలంత గొట్టాన్ని తడిమి చూస్తాం.

ఎర్ర తీగ పొడవునా తడిమాను.
దాని తప్పేం లేదు.
చలికి చేతులు చంకల్లో దాచుకుని నిలబడ్డప్పుడు తట్టింది,
ఇంతసేపూ వెళ్లే దారినే అడుగుతున్నాను,
తిరిగొచ్చే దారిని అడగలేదు.

నల్ల ముల్లు బ్యాటరీ నెగిటివ్‌కి,
ఎర్ర ముల్లు ఆల్టర్నేటర్ ఒంటికి.
ముందు ఒక చిన్న అడ్డగీత,
ఆ తర్వాత ఒకటి పాయింట్ తొమ్మిది.
లెక్క అణాపైసలతో సరిపోయింది.

బ్రాకెట్ ఊడదీశాను.
నల్ల రంగు. నిగనిగలాడుతూ మూడు పూతలు,
బోల్టు రంధ్రాల లోపలిదాకా,
ఎక్కడా కుంచె వెంట్రుక ఒక్కటి అంటుకోకుండా.
రోడ్ల మీద చల్లే ఉప్పుకి తుప్పు పట్టకూడదని
ఆర్విల్ వేసిన రంగు.
ఇనుముకీ ఇనుముకీ మధ్య
అతని శ్రద్ధ.
మూడుసార్లు కొత్తది కొని తెచ్చి
మూడుసార్లూ దాని మీదే బిగించాడు.

ముందు నవ్వొచ్చింది.
తర్వాత గరుకు కాగితం చేతిలో ఉండీ
చాలాసేపు గీకలేకపోయాను.

అంతా గీకలేదు.
బోల్టు కూర్చునే చోట మాత్రం
బొట్టుబిళ్లంత మేర, నాలుగు చోట్ల,
వెండిలా ఇనుము బయటపడేదాకా.
మిగతా రంగు ఉంచేశాను. దాని పని అది బాగానే చేస్తోంది.

పద్నాలుగు పాయింట్ ఒకటి.
ఎన్నాళ్లుగానో మూగపోయిన రేడియోలో
ఎవరో కోడెదూడల ధరలు చదువుతున్నాడు,
గ్యారేజీ అదిరేలా.
టేపు మీద అతని బూతుమాట కింద రాశాను:
బ్రాకెట్. ఖర్చు, గరుకు కాగితం ఒకటి.

లోర్నాకి ఫోన్ చేశాను.
మీటరూ అంకెలూ నోటిదాకా వచ్చాయి.
"రంగు భలే వేశాడండీ మీ ఆయన" అన్నాను.
"డబ్బాలో ఇంకా సగం ఉంది" అంది,
"పట్టుకెళ్తావా?"